ముగ్గురం దిగని ఫోటో

మిషిగన్‌లో మేమున్న ఫార్మింగ్టన్ హిల్స్‌కి కారులో కాస్త దూరంలో ఒక కమ్యూనిటీ కాలేజీ ఉండేది. అక్కడ ఎవరైనా చేరొచ్చు. వయసు అడగరు, ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టావని అడగరు. పగలంతా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి సాయంత్రం క్లాసుకొచ్చేవాళ్ళు, ఉద్యోగం ఊడి కొత్త పని నేర్చుకునేవాళ్ళు, పిల్లల్ని బడికి పంపి పరుగెత్తుకొచ్చే ఆడవాళ్ళు, అందరం ఒకే బల్లల దగ్గర కూర్చునేవాళ్ళం. ఎనభైల మొదట్లో, మా అమ్మాయి రెండో తరగతికి వచ్చిన ఏడాది, నేనూ వెళ్ళి చేరాను. నాకు కావలసింది ఫోటోగ్రఫీ ఒక్కటే. కానీ డిగ్రీకి లెక్క రావాలంటే పొలిటికల్ సైన్స్ ఒకటి, ఏదో ఒక సైన్సు ఒకటి తప్పనిసరి అని అక్కడి కౌన్సిలర్ చెప్పింది. సైన్సంటే ఫిజిక్సే తీసుకోవాలని మా ఆయన పట్టుబట్టారు.

"కెమెరా అంటేనే వెలుగోయ్. వెలుగు సంగతి తెలీకుండా బటన్ నొక్కేస్తే ఫోటోగ్రాఫర్ అయిపోతావా?" అన్నారు.

ఆయనకి వెలుగు తప్ప వేరే లోకం లేదు. కార్ల కంపెనీలో హెడ్‌లైట్లు డిజైన్ చేసే చోట ఇంజనీరు. మేం రోడ్డు మీద పోతుంటే ఎదురొచ్చే ప్రతి కారు దీపాలకీ మార్కులు వేసేవారు. పెళ్ళయిన కొత్తలో ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. తరవాత నేనూ వేయడం మొదలుపెట్టాను.

ఫోటోగ్రఫీ మాస్టారు పొడుగాటి ముసలాయన. డార్క్‌రూమ్ మందునీళ్ళలో చేతులు పెట్టీ పెట్టీ గోళ్ళు గోధుమరంగుకి తిరిగిపోయి ఉండేవి. మొదటి వారం అందర్నీ ఇంట్లో ఉన్న ఫోటోలు తెమ్మన్నాడు. ఇప్పటిదాకా ఎలా చూశారో తెలిస్తే ఇకమీదట ఎలా చూడాలో చెప్తానన్నాడు. నేను ఆల్బమ్ మొత్తం మోసుకెళ్ళాను. ఆయన ఒక్కో పేజీ నిదానంగా తిప్పి, మూసి, నావైపు చూశాడు.

"మీ ఆయన ఉన్నచోట నువ్వు లేవు. నువ్వు ఉన్నచోట ఆయన లేడు. పాప మాత్రం అన్నిట్లో ఉంది. ముగ్గురూ కలిసి ఉన్నది ఒక్కటీ లేదే?"

పక్కన కూర్చున్న అమ్మాయి నావైపు జాలిగా చూసింది. విడాకుల కేసు అనుకున్నట్టుంది.

ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదని మాలో ఒక పట్టింపు. మధ్యలో నిలబడ్డ మనిషి దక్కరని అంటారు. చాలా ఇళ్ళల్లో ఇది నవ్వుకుంటూ పాటించే సంగతే. మా పుట్టింట్లో అయితే ముగ్గురే మిగిలితే పక్కింటి పిల్లనో పిల్లాణ్ణో లాక్కొచ్చి నిలబెట్టేవాళ్ళు, ఎవరూ దొరక్కపోతే చేతిలో ఒక బొమ్మ పెట్టి నలుగురమైపోయామనేవాళ్ళు. మా ఆయన ఇంట్లో మాత్రం అది నవ్వులాట కాదు. వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. చిన్నప్పుడు గుడివాడలో స్టూడియోకి తీసుకెళ్ళి ముగ్గురికీ ఒకేలాంటి చొక్కాలు తొడిగి ఫోటో తీయించారట. మధ్యలో నిలబడ్డ రెండో అన్నయ్య ఆ ఏడాది తిరక్కుండానే టైఫాయిడ్‌తో పోయాడు. మా ఆయన అందరికంటే చిన్నవాడు, కుడిపక్క నిలబడ్డాడు. ఆ తరవాత మా అత్తగారు ఇంట్లో ముగ్గుర్ని ఒకచోట నిలబడనిచ్చేది కాదు, కెమెరా లేకపోయినా సరే.

అందుకని మా ఇంట్లో ఆయన తీస్తే నేనూ పాపా, నేను తీస్తే ఆయనా పాపా. దీపావళికి, ఉగాదికి ఏదో స్కూలు హాలు అద్దెకి తీసుకుని తెలుగువాళ్ళం చేరినప్పుడు పెద్ద గ్రూపు ఫోటోలు తీసేవాళ్ళు కదా, వాటిలోనూ మేం ముగ్గురం ఒకచోట ఉండం. మగవాళ్ళు వెనక వరసలో చేతులు కట్టుకుని, ఆడవాళ్ళం ముందు కుర్చీల్లో చీరలు సర్దుకుని, పిల్లలు కింద. ఆ గుంపులో ఆయన్ని వెతికి పట్టుకుంటే ఎవరి తల వెనకనో సగం మీసం కనిపించేది.

మొదట్లో అడిగితే, "నాలుగో మనిషి రానీ, అప్పుడు దిగుదాం" అనేవారు. నాలుగో మనిషి ఒకసారి వచ్చినట్టే వచ్చి, కడుపులో నిలవలేదు. ఆ తరవాత ఆయన ఆ మాట అనలేదు, నేనూ అడగలేదు. మాస్టారు ఆల్బమ్ మూసిన రోజునే మళ్ళీ నా బుర్రలో పడింది. ముగ్గురం ఉన్న ఫోటో ఒకటి నాకు కావాలి. ఆ కోరిక అంత బలంగా ఎందుకు పట్టుకుందో చెప్పలేను. వద్దన్నకొద్దీ కావాలనిపించే తత్వం నాది.

అక్టోబరులో మొదటి అసైన్‌మెంట్: సహజమైన వెలుగులో మనుషులు. మా ఇంటి ముందువైపు పడమరకి ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఎండ మెట్ల మీద ఏటవాలుగా పడుతుంటే ఆయన్నీ పాపనీ కూర్చోబెట్టాను. ఆయన మెట్టు మధ్యలో, పాప నా చూపుకి ఎడమపక్క, ఆయన భుజం మీద చెయ్యేసి. ఆయన స్వెటర్ చేతులు పైకి మడుచుకుని, హెడ్‌లైట్ పరీక్షిస్తున్నంత గంభీరంగా నావైపు చూశారు. పాపకి నవ్వాగలేదు.

ఫిల్ములో ఇంకొన్ని మిగిలాయి. "ఇలా ఇవ్వవోయ్, మీ ఇద్దర్నీ నేను తీస్తా" అని ఆయన కెమెరా తీసుకుని గడ్డిలోకి దిగారు. నేను వెళ్ళి పాప పక్కన కూర్చోబోయాను.

"అంత అతుక్కుపోకండి. మధ్యలో చోటు వదలండి. వెనక మన తలుపు కనిపించాలి, తోరణం కనిపించాలి."

తోరణమంటే ప్లాస్టిక్ మామిడాకులు, ఎవరో డెట్రాయిట్‌లో కొని గృహప్రవేశానికి ఇచ్చారు. దాని మోజు ఆయనకి. సరేనని నేను కుడిచివరకి జరిగాను, పాప ఎడమ చివరనే ఉంది. ఆయన రెండు మోచేతులూ బయటికి పెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, చాలాసేపు చూసి నొక్కారు.

ఆ రీలు కాలేజీలో కడిగి, చిన్న చిన్న ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద అచ్చు వేశాను. మాస్టారు చూసి, మా ఆయన తీసిన ఫోటో మీద ఎర్ర పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టాడు. సూర్యుణ్ణి వీపువెనక పెట్టుకుని తీసేటప్పుడు కొత్తవాళ్ళు చేసే పొరపాటట. తీస్తున్న మనిషి నీడ ఫోటోలోకి వచ్చేసింది. పెద్దది చేసేటప్పుడు ఆ నీడని వీలైనంత కత్తిరించమన్నాడు. నేను తీసిన దాంట్లోనూ కిందిభాగంలో నా నీడ ఉంది, పొడుగు కోటూ జడా. ఇంటికొచ్చి చూపిస్తే మా అమ్మాయికి మాత్రం అది భలే ఆట అయిపోయింది. ఆల్బమ్ అంతా తిరగేసి నీడ దొరికిన ప్రతి ఫోటో దగ్గరా, "దిస్ ఈజ్ డాడీ తీశారు, దిస్ ఈజ్ అమ్మ తీసింది" అని అరిచేది. నీడ లేనివాటిలో కూడా ఎవరు లేరో చూసి ఎవరు తీశారో చెప్పేసేది.

పొలిటికల్ సైన్స్ పాఠాలు నాకంటే మా ఆయనకి ఎక్కువ నచ్చాయి. నేను వంట చేస్తుంటే నా పుస్తకం తీసుకుని పైకి చదివేవారు. మెజారిటీ, వీటో, సభలో గంటలకొద్దీ మాట్లాడి బిల్లు ఆపేయడం, అన్నీ ఆయనకి తమాషాగా ఉండేవి. మా ఇంట్లో ఓటింగు మొదలైంది అప్పుడే. రాత్రికి చపాతీయా అన్నమా, నయాగరాకా చికాగోకా, పిల్లిని తెచ్చుకోవాలా వద్దా, అన్నిటికీ చేతులెత్తడమే. "ముగ్గురం ఉండటంలో సుఖం ఇదేనోయ్, ఎప్పుడూ టై పడదు" అనేవారు. పిల్లి విషయంలో ఆయన ఓడిపోయారు, కానీ పిల్లి రాలేదు. అడిగితే నా పుస్తకంలోంచే ఒక పేరా చదివి వినిపించారు. ప్రెసిడెంటు బిల్లు మీద సంతకం పెట్టకుండా, కాదని తిప్పి పంపకుండా, ఊరికే జేబులో పెట్టుకు కూర్చుంటే, సభ ముగిసేసరికి ఆ బిల్లు దానంతటదే చచ్చిపోతుందట. దాన్ని పాకెట్ వీటో అంటారట. మా అమ్మాయి ఉడుక్కుని ఆయన జేబులన్నీ వెతికింది.

జనవరిలో ఫిజిక్స్ మొదలైంది, ఫోటోగ్రఫీ రెండో క్లాసూ మొదలైంది. ఫిజిక్స్ హోంవర్కంతా ఆయన దగ్గరే. వంటింట్లో దీపం ఆపి, పెద్ద టార్చిలైటు పట్టుకుని, మా అమ్మాయిని గోడ ముందు నిలబెట్టి నీడల పాఠం చెప్పారు. టార్చి దగ్గరకొస్తే నీడ పెరుగుతుంది, దూరం పోతే తగ్గుతుంది. అది గోడ మీద తన నీడని పట్టుకోబోయి, "డాడీ, షాడో రియల్ కాదా?" అంది.

"ఎందుకు కాదు తల్లీ? మనిషి లేకుండా నీడ పడుతుందా? నీడ ఉందంటే అక్కడ మనిషి ఉన్నట్టే లెక్క."

అది దానికి పాఠమై కూర్చుంది. తరవాత కొన్నాళ్ళు బాత్‌రూమ్ తలుపు కింద నీడ చూసి, "లోపల మనిషి ఉన్నట్టే లెక్క" అనేది, వచ్చీరాని తెలుగులో.

ఫిబ్రవరిలో మాస్టారు ఇచ్చిన పని: కుటుంబం ఫోటో, తీసేవాళ్ళు కూడా అందులో ఉండాలి. కెమెరాని స్టాండు మీద పెట్టి, టైమర్ తిప్పి, పరుగెత్తుకెళ్ళి నిలబడటం. నాకు ఎక్కడ లేని సంతోషం వచ్చింది. ఇక తప్పించుకోలేరు కదా, కాలేజీ చదువు. ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఓటింగుకి పెట్టాను. నేనూ పాపా చేతులెత్తాం. ఆయన ఎత్తలేదు.

"టూ టు వన్!" అని పాప కుర్చీ మీద ఎగిరింది.

ఆయన తిని లేచారు. పాప పడుకోవడానికి వెళ్ళాక నేను గిన్నెలు కడుగుతూ అందుకున్నాను. మీరు ఇంజనీరా, ఏమిటి? రేపు మీ ఆఫీసులో తెలిస్తే నవ్వరూ? ఎప్పుడో టైఫాయిడ్ వస్తే దానికీ ఫోటోకీ ముడిపెడతారా? నా నోరు మొదలైతే ఆగదు. అంతా విని ఆయన మెల్లిగా అన్నారు.

"నేను నమ్మను. నమ్మనని నీకూ తెలుసు. కానీ ఒకటి చెప్పు. మనం ముగ్గురం నిలబడితే మధ్యలో ఎవరుంటారు?"

నేను కుళాయి కట్టేశాను. ఎవరుంటారు? అమ్మకీ నాన్నకీ మధ్యలో పిల్లే ఉంటుంది. ప్రపంచంలో ఏ ఫోటో చూసినా అంతే. ఇన్నేళ్ళూ ఆయన భయం తన గురించి కాదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. తడిచేతులు చీరకి తుడుచుకుని ఆయన వైపు తిరిగాను.

ఆయనే నవ్వారు. "సరేలే. ఓటింగులో ఓడిపోయాక ఏం చేస్తాం. దిగుదాం. కానీ మధ్యలో నేను నిలబడతా. దానికి ఒప్పుకుంటేనే."

ఒప్పుకున్నాను. నేనూ నమ్మనుగా మరి.

ఒప్పుకున్నారే గాని ఏ ఆదివారమూ కుదరనివ్వలేదు. ఈ మబ్బుల్లో ఏం ఫోటో, మెట్ల మీద మంచు కరగనీ, అక్టోబరులోలాంటి ఎండ రావద్దూ అనేవారు. వెలుగు గురించి మాట్లాడితే నేను ఆయనకి ఎదురు చెప్పలేను. ఏప్రిల్ దాకా గడువుంది. పాపకి అర్థమైపోయింది. "పాకెట్ వీటో!" అని ఆయన జేబులో చెయ్యి పెట్టేది. ఆయన దాని చెయ్యి లోపలే పట్టేసుకునేవారు.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. హెడ్‌లైట్లు పరీక్షించే చీకటిగదిలో ఉన్నారట. దీపం ఆరాక ఎవరో పడిన చప్పుడైందట. మళ్ళీ దీపం వేసి చూసేసరికి అయిపోయిందట. గుండె. నలభై నిండని మనిషి. ఏ రోజూ జలుబని కూడా సెలవు పెట్టలేదు. ఫోనులో చెప్తున్న అతను అదే మాట మార్చి మార్చి చెప్తున్నాడు, నేను "యెస్, యెస్" అంటున్నాను. పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరిపోయింది. పాప బడి నుంచి రావడానికి ఇంకా టైముంది. ఆ కాస్త టైమూ నేను ఏం చేశానో నాకిప్పటికీ గుర్తు లేదు.

తెలుగువాళ్ళంతా వచ్చారు. వంతులేసుకుని వండి తెచ్చి ఫ్రిజ్ నింపారు. మా అందరికీ అక్కయ్య లాంటి పెద్దావిడ ఒకావిడ మా ఇంట్లోనే ఉండిపోయింది. పదో రోజు దగ్గరపడుతుంటే ఆవిడే నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"అమ్మాయ్, దండ వెయ్యడానికి ఫోటో కావాలి. ఆయన ఒక్కరే ఉన్నది ఉందా?"

లేదు. పాస్‌పోర్టు ఫోటో తప్ప ఆయన ఒక్కరే ఉన్నది లేదు. ఎప్పుడూ పక్కన పాప ఉంది. ఎవరో షాపులో ఇచ్చి చేయిస్తామన్నారు. నేను చేసుకోగలనన్నాను. ఆవిడ ఏమనుకుందో గాని, కోటు వేసుకుని నన్ను కారులో కాలేజీకి తీసుకెళ్ళింది. మాస్టారు డార్క్‌రూమ్ తెరిచి ఉంచాడు.

అక్టోబరు నెగటివ్ పెట్టి, ఆయన ముఖం వరకు పెద్దది చేశాను. కాగితాన్ని మందునీళ్ళలో వేసి పళ్ళెం ఊపుతుంటే, నల్లగా ఉన్నవి ముందు తేలతాయి. ముందు మీసం వచ్చింది. తరవాత కనుబొమ్మలు, కళ్ళు. ఆ ఎర్రదీపం కింద ఆయన నావైపు చూస్తూ పైకి వస్తున్నారు. నేను ఇంకా ఇంకా రావాలని చూస్తూ ఉండిపోయాను. టైము దాటితే బొమ్మంతా నల్లబడిపోతుందని క్లాసులో మొదటిరోజే నేర్పారు. చెయ్యి కదల్లేదు. మాస్టారు చప్పుడు చేయకుండా వచ్చి, పటకారుతో ఆ కాగితం తీసి పక్క పళ్ళెంలోకి మార్చాడు. అప్పుడు ఏడ్చాను, మొదటిసారి గట్టిగా. తలుపు అవతల ఉన్న అక్కయ్య లోపలికి రాబోతే మాస్టారే ఆపాడు, తలుపు తెరిస్తే వెలుగు పడి పాడైపోతుందని.

ఆ ఫోటోలో ఆయన భుజం మీద మా అమ్మాయి వేళ్ళు కనిపిస్తాయి. బతికున్న పిల్ల చెయ్యి ఉండకూడదు, దాని మీద రంగు వేయించమని ఒకావిడ అంది. ఆవిడకి నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను. ఆ వేళ్ళు అలాగే ఉన్నాయి.

పోయినవాళ్ళ మీద కోపం రాకూడదంటారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ముగ్గురం కలిసి దిగితే మధ్యలో మనిషి దక్కరా? దిగలేదుగా! ఎనిమిదేళ్ళు ఒక్కటంటే ఒక్కటి దిగలేదుగా! ఆ పట్టింపు పట్టినందుకు మాకేం మిగిలింది? ఒప్పుకున్న మనిషి ఏదో ఒక ఆదివారం ఆ మెట్ల మీద ఒక్క నిమిషం నిలబడితే ఏం పోయేది? బట్టలు సర్దుతూ ఆయన కోట్ల జేబులు చూస్తున్నప్పుడు పాప తలుపు దగ్గర నిలబడింది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. అది వెళ్ళిపోయింది.

ఫిజిక్స్ పరీక్ష రాశాను. దీపం, అట్ట, గోడ ఇచ్చి నీడ ఎంత పొడుగుంటుందో లెక్కగట్టమన్నారు. కరెక్టుగా కట్టాను. ఇంట్లో ఓటింగు మాత్రం ఒక్కసారే జరిగింది. వేసవిలో ఎక్కడికైనా వెళ్దామా వద్దా అని పాప అడిగితే, అది చెయ్యెత్తింది, నేను ఎత్తలేదు. మూడో కుర్చీ వైపు ఇద్దరం చూశాం. ఇక ఎప్పుడూ ఓటు మాట ఎత్తలేదు. ఆ ఏడాది ఫోటోలు కూడా అంతే, నేను తీస్తే అదొక్కతే, అది తీస్తే నేనొక్కదాన్నే.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. మాస్టారు నాకు ఆ క్లాసు ఫెయిల్ అని వేయకుండా ఆపి ఉంచాడు. మిగిలింది ఆ ఒక్క అసైన్‌మెంటే, చేయకపోయినా పాస్ చేస్తానన్నాడు. చేస్తానన్నాను. నా దగ్గర రెండు నెగటివ్‌లు ఉన్నాయి కదా. ఒకే సాయంత్రం, ఒకే మెట్లు, ఒకే ఎండ. ఒకదాంట్లో ఎడమపక్క పాప, మధ్యలో ఆయన, కుడిపక్క ఖాళీ. రెండోదాంట్లో ఆ ఖాళీ చోటనే నేను. రెండూ కలిపి ఒకే కాగితం మీద అచ్చు వేస్తే ముగ్గురం. ఆయన కోరినట్టే మధ్యలో ఆయన.

ఆ పని చెప్పినంత తేలిక కాదు. ముందు ఒక నెగటివ్ వెలుగు కాగితం మీద పడేటప్పుడు కుడిభాగాన్ని నల్ల అట్టతో కప్పాలి. తరవాత రెండో నెగటివ్ పెట్టి, నేను కూర్చున్నంత మేర మాత్రం వదిలి, మిగతాదంతా అట్టతో కప్పాలి. అంచు గీతలా పడకుండా అట్టని చేత్తో కదుపుతూ ఉండాలి. ఎన్ని కాగితాలు పాడయ్యాయో. ఒకదాంట్లో ఆయన భుజం నా చెంపలోకి వచ్చింది, ఒకదాంట్లో మా ఇద్దరి మధ్య నల్లటి సందు. రోజూ మధ్యాహ్నం పాప బడిలో ఉండగా వెళ్ళి, అది వచ్చేలోపు ఇంటికి చేరేదాన్ని. దీపావళి వెళ్ళిపోయాక ఒకరోజు కుదిరింది. కింద నా నీడ ఉన్న భాగం కత్తిరించేశాను. మెట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. వెనక ప్లాస్టిక్ తోరణం.

మాస్టారు కళ్ళద్దాలు తీసి, కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. అతుకు ఎక్కడుందో తనకే కనిపించడం లేదన్నాడు. నేను ఆ తడి ఆరీ ఆరని కాగితాన్ని కారులో పక్క సీట్లో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాను. దారంతా నవ్వుతూనే ఉన్నాను. ఎనిమిది నెలల్లో అలా నవ్వడం అదే మొదలు.

పాప బడి నుంచి వచ్చి, బ్యాగు తీయకుండానే చూసింది. ఎగురుతుందనుకున్నాను. చాలాసేపు చూసింది. తిప్పి వెనకవైపు చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

"అమ్మా, ఇది ఎవరు తీశారు?"

"నేనే చేశాను తల్లీ, కాలేజీలో."

"నో, చేయడం కాదు. ఎవరు తీశారు? నువ్వు ఇక్కడ ఉన్నావు. డాడీ ఇక్కడ ఉన్నారు. నేను ఇక్కడ ఉన్నా. మనం అందరం ఎవర్ని చూస్తున్నాం?"

నిజమే. ఆయన చూస్తున్నది నన్ను, గడ్డిలో కెమెరా పట్టుకుని నిలబడ్డ నన్ను. నేను చూస్తున్నది ఆయన్ని. ఇందులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఎవరూ లేనిచోటుకి చూస్తున్నాం.

అది లోపలికి వెళ్ళి ఆల్బమ్ తెచ్చింది. ఆయన తీసిన ఫోటో అందులో ఉంది. మాస్టారు చెప్పాడు గాని నేను కత్తిరించకుండానే ఒకటి అచ్చు వేసి దాని సరదా కోసం అతికించాను. ఎడమ చివర అది, కుడి చివర నేను, మధ్యలో తోరణం కనిపించడానికి వదిలిన చోటు. నేను ఆ నెగటివ్‌ని ఎన్నోసార్లు అచ్చు వేశాను, ప్రతిసారీ ఆ చోటుని నల్ల అట్ట కింద కప్పుతూనే వచ్చాను.

పాప దాని మీద వేలు పెట్టింది. గడ్డిలో మొదలై, మెట్లెక్కి, మా ఇద్దరి మధ్య తలుపు దాకా పొడుగ్గా ఒక నీడ ఉంది. మోచేతులు బయటికి పెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి.

"నీడ ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క," అంది. ఆయన గొంతుతోనే అన్నట్టు అంది. "సీ అమ్మా, ఇందులో త్రీ ఆఫ్ అజ్ ఉన్నాం. డాడీ మధ్యలో ఉన్నారు."

ముగ్గురు ఫోటో దిగితే ఏమవుతుందంటారో మేము దానికి ఎప్పుడూ చెప్పలేదు. భయపడుతుందని ఆయనే చెప్పనివ్వలేదు. అందుకే అది అంత సంతోషంగా నావైపు చూస్తోంది, తను గెలిచినట్టు.

నేను ఇప్పటికీ నమ్మను. ఫిజిక్స్‌లో నాకు మంచి మార్కులొచ్చాయి. గుండె ఆగడానికీ, ఎండపూట గడ్డిలో నిలబడటానికీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ ఆ కిందటి అక్టోబరులోనే ముగ్గురం దిగేశాం. ఆయన కోరుకున్నట్టే, పిల్లని ఒక పక్కన ఉంచి, మధ్యలో తను నిలబడి, తన చేత్తోనే బటన్ నొక్కుకున్నారు.

"అవును తల్లీ, మధ్యలో డాడీయే ఉన్నారు" అన్నాను.

అది కుర్చీ లాక్కుని ఎక్కి, ఆ నీడ ఉన్న ఫోటోని ఆల్బమ్‌లోంచి తీసి హాల్లో గోడకి తనే తగిలించింది.